ఒకే లేన్‌లో ఆరుగురు

బెజవాడలో వేసవి ఈత తరగతులకు పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులలో చాలామందికి పోటీల మీద ధ్యాస ఉండదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి నడుమ నుంచే పోతాయి. పక్కనే కృష్ణ ఉంది. ఇసుక తవ్వగా నదిలో మిగిలిన గుంతలు పైకి కనిపించవు. పరీక్షలు ముగిసిన కొద్దిరోజులకే, స్నానానికి దిగిన పిల్లల గురించి ఏదో ఒక దుర్వార్త జిల్లా పేజీలో వస్తుంది. ఆ వారం ఈతకొలను దగ్గర దరఖాస్తుల కోసం నిలబడేవారి వరుస పెరుగుతుంది. మేమూ ఆ వరుసలో నిలబడినవాళ్ళమే. నీళ్ళలో పడితే గట్టెక్కగలిగేంత ఈత వస్తే చాలు, రోళ్ళు పగిలే ఎండల్లో పొద్దున్నే ఒక గంట చల్లగా గడిస్తే అది అదనపు లాభం అనుకుని మా అమ్మాయిని చేర్పించాము. రెండో వేసవికి అది టీమ్‌లోకి వెళ్ళింది.

టీమ్ అనడం కొంచెం పెద్ద మాటే. ఏప్రిల్ చివర్లో బడులు మూసినప్పటి నుంచి జూన్ రెండో వారంలో తెరిచేదాకా నడిచే బ్యాచ్‌లలో, ఒక ఏడాది ఈత నేర్చుకుని మరుసటి ఏడాది మళ్ళీ వచ్చిన పిల్లలను కోచ్ విడదీసి ఉదయం ఆరు గంటల బ్యాచ్‌లో వేస్తారు. వారిలో తొమ్మిదేళ్ళవారి నుంచి పధ్నాలుగేళ్ళవారి దాకా ఉంటారు. ఎవరి బడి వారిది, ఎవరి పేట వారిది. ఒకరి పేర్లు ఒకరికి నోటికి రాకముందు పేటల పేర్లతో పిలుచుకున్నారు, చివరికి అవే స్థిరపడిపోయాయి: పటమట పిల్ల, వన్‌టౌన్ అబ్బాయి, గుణదల అన్నదమ్ములు. మా అమ్మాయి సత్యనారాయణపురం. నేనూ ఇక్కడ ఆ పేర్లే వాడతాను. పరాయి పిల్లల అసలు పేర్లు బయట రాయడం నాకు ఇష్టం లేదు.

మాది ఇరవై ఐదు మీటర్ల కొలను. టీమ్‌కు ఇచ్చేవి తాళ్ళతో విడదీసిన రెండే లేన్లు, మిగతా నీళ్ళన్నీ కొత్తగా నేర్చుకునే పిల్లలవీ, వారి కిక్‌బోర్డులవీ. అందువల్ల ఒక్కో లేన్‌లో ఆరుగురు ఈదాలి. ఎప్పుడూ చూడనివారికి ఇది ఎలా సాధ్యమో అర్థం కాదు. ఒక పక్క తాడును ఆనుకుని వెళ్ళాలి, రెండో పక్క తాడును ఆనుకుని తిరిగి రావాలి, నడిమి గీత మీదికి ఎవరూ రాకూడదు. అందరికన్నా వేగంగా ఈదేవారు ముందు బయలుదేరతారు, ఐదేసి సెకన్ల ఎడంతో మిగతావారు బయలుదేరతారు. వెనకవారు ముందువారిని అందుకున్నప్పుడు వారి కాలివేళ్ళను ఒక్కసారి తాకుతారు. తాకించుకున్నవారు గోడ దగ్గరికి చేరగానే మూలకు తప్పుకుని దారి ఇస్తారు. తాకడం పేరుతో పట్టి లాగకూడదు, తప్పుకోవలసివచ్చిందని మొహం ముడుచుకోకూడదు.

క్రీడాస్ఫూర్తి అనగానే మనకు బహుమతి ప్రదానమే గుర్తుకు వస్తుంది. ఓడినవారు గెలిచినవారితో చెయ్యి కలపడం, ముఖ్య అతిథి గెలుపోటములు సహజమని చెప్పడం, ఫొటో తీయడం. నా దృష్టిలో అది పుట్టే చోటు అది కాదు. నాకన్నా నువ్వు వేగంగా ఈదుతున్నావని ఒప్పుకోవడం ఏ వయసువారికైనా కష్టమే. ఆ సంగతిని ప్రతి ఉదయం, మాటలు లేకుండా, రొప్పుతూ గోడ పట్టుకున్న క్షణంలోనే ఒప్పుకుని, దారి ఇచ్చి, మళ్ళీ ఆ మనిషి వెనకే బయలుదేరడం అలవాటైన పిల్లకు పోటీనాడు చెయ్యి కలపడం పెద్ద పనిగా తోచదు. అలవాటు కాని పిల్ల చెయ్యి కలిపినా అది ఫొటో కోసమే అవుతుంది.

మా అమ్మాయికీ పటమట పిల్లకూ స్నేహం ఆ లేన్‌లోనే మొదలైంది, అయితే మొదట్లో అది స్నేహంలా కనిపించలేదు. ఫ్రీస్టైల్‌లో మా అమ్మాయిది ముందడుగు, కప్పలా కాళ్ళూ చేతులూ ఆడించే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఆ పిల్లది. కోచ్ ఒక సెట్టు ఒక స్ట్రోక్‌లో, మరో సెట్టు మరో స్ట్రోక్‌లో ఈదించడంతో ఇద్దరూ వంతులవారీగా ఒకరి కాలివేళ్ళను ఒకరు తాకవలసి వచ్చేది. “ముందు నన్ను పోనివ్వవే, నీ వెనక పడి మళ్ళీ నిన్ను తోసుకురావడం నాకు విసుగ్గా ఉంది” అని ఒకనాడు మా అమ్మాయి అన్నదనీ, ఆ మర్నాడు బ్రెస్ట్‌స్ట్రోక్ సెట్టులో పటమట పిల్ల అవే మాటలు తిరిగి అప్పజెప్పిందనీ తర్వాత తెలిసింది. ఆ అప్పజెప్పడంతోనే ఇద్దరికీ నవ్వు వచ్చిందట.

ఆ స్నేహం గట్టిపడింది మాత్రం బ్యాక్‌స్ట్రోక్ వల్ల. వెల్లకిలా ఈదేవారికి గోడ కనిపించదు. అందుకే గోడకు ఐదు మీటర్ల ఇవతల కొలనుకు అడ్డంగా జెండాల తోరణం కడతారు. ఆకాశం వైపు చూస్తూ వచ్చే పిల్లకు ఆ జెండాలు దాటాక ఎన్ని బారలు వేస్తే గోడ వస్తుందో తెలిసి ఉండాలి. తక్కువ లెక్కపెడితే ముందే ఆగిపోయి చేతితో వెతుక్కుంటుంది, ఎక్కువ లెక్కపెడితే తల గోడకు తగులుతుంది. ఈ లెక్క ఎవరికి వారు పట్టుకోవడం కష్టమని ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకరు ఈదుతుంటే మరొకరు గోడ దగ్గర నిలబడి, గోడకూ వచ్చే తలకూ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టి, పైకి లెక్కపెట్టేవారు. మా అమ్మాయికి ఐదు బారలని తేలింది. పటమట పిల్ల పొడగరి కాబట్టి దానికి నాలుగు. లెక్క కుదిరేలోగా ఎవరి అరచెయ్యి ఎన్నిసార్లు నలిగిందో వారిద్దరికే తెలియాలి. తనతో పోటీపడబోయే మనిషి తల పగలకుండా తన చెయ్యి పెట్టడం నేను మరే ఆటలోనూ చూడలేదు.

గట్టు మీద మా పెద్దవాళ్ళ పరిస్థితి వేరుగా ఉండేది. ఇది ర్యాంకుల ఊరు. ఫలితాలు వచ్చిన మరునాడు బెంజి సర్కిల్ చుట్టూ పిల్లల ముఖాలతో, వాటి కింద అంకెలతో ఫ్లెక్సీలు లేస్తాయి. అలాంటి ఊళ్ళో పిల్లలను పెంచుతున్న మాకు పక్కపిల్ల ఎంతలో ఉందో తెలియకపోతే తోచదు. “మీ అమ్మాయి యాభై మీటర్లు ఎంతలో చేసిందండీ?” అన్నది అక్కడ కుశలప్రశ్న. ఒక తండ్రిగారు ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లలందరి టైములూ వరుసక్రమంలో బోర్డు మీద అతికించమని కోచ్‌ను అడిగారు. కోచ్ తన నోటుపుస్తకం తెరిచి చూపించారు. అందులో ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ, ఆ పేజీలో ఆ పిల్ల టైములే ఒకదాని కింద ఒకటి. “ఎవరి పేజీ వారు ఎప్పుడైనా చూసుకోవచ్చండీ, పక్క పేజీ మాత్రం చూపించను. ఇది కాలేజీ కాదు” అన్నారు. కోచ్ చెప్పినదానిలో నాకు నచ్చింది ఏమిటంటే, ఆయన పోటీని దాచిపెట్టడం లేదు. ఎవరు వేగమో లేన్‌లో ఉన్న ఆరుగురికీ రోజూ కాలివేళ్ళ మీదుగా తెలుస్తూనే ఉంది. దాన్ని గోడకు అతికించి పెద్దలకు చదువుకోవడానికి ఇవ్వనన్నారు, అంతే.

మే నెలాఖరున గుంటూరు నుంచి ఒక టీమ్ వస్తుంది, రెండు టీముల మధ్యా ఒక పూట పోటీలు జరుగుతాయి. చెయ్యి తగలగానే సమయం నమోదు చేసే ఎలక్ట్రానిక్ పలకలు లేని కొలను కాబట్టి టైములన్నీ స్టాప్‌వాచ్‌తో పట్టవలసిందే. లేన్‌కు ముగ్గురు వాచీలతో నిలబడతారు. మూడింటిలో రెండు ఒకే అంకె చూపితే అదే అధికారిక సమయం, మూడూ మూడు విధాలుగా ఉంటే నడిమిది తీసుకోవాలి. అంత మందిని తెచ్చే స్తోమత మాకు లేదు గనుక తల్లిదండ్రులనే కూర్చోబెట్టి నేర్పించారు. కోచ్ పెట్టిన షరతు ఒకటే: ఎవరూ తమ పిల్లల లేన్‌కు వాచీ పట్టకూడదు. నాకు గుంటూరు పిల్లవాడు ఒకడు వచ్చాడు. వాచీ పట్టినవారు గోడ అంచుకు వంగి చెయ్యి తగిలే చోటునే చూడాలి తప్ప ఈదేవారిని చూస్తూ కూర్చోకూడదు. అయినా వాడు గోడకు దగ్గరవుతుంటే నా బొటనవేలు బిగుసుకుంది, వాడు ఇంకొంచెం తొందరగా వస్తే బాగుండునని అనిపించింది. వాడి పక్క లేన్‌లో ఈదుతున్నది మన గుణదల కుర్రవాడని ఈల మోగిన తర్వాత గానీ నాకు స్పృహ రాలేదు. గ్యాలరీలో కూర్చుని పోట్లాడే తల్లిదండ్రులందరికీ ఒక్కో వాచీ ఇచ్చి పరాయి పిల్లల లేన్‌కు పంపితే చాలావరకు గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

ఆ పోటీల్లో యాభై మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో మా అమ్మాయీ పటమట పిల్లా పక్కపక్క లేన్లలో దిగారు. ఇద్దరూ కలిసి గోడకు వచ్చారు. రెండు లేన్లలోనూ నడిమి వాచీలు సెకనులో నూరోవంతు దాకా ఒకే అంకె చూపించాయి. ముగింపు చూసిన ఇద్దరు పెద్దమనుషులలో ఒకరు ఈ పిల్ల అన్నారు, ఒకరు ఆ పిల్ల అన్నారు. కోచ్ ఇద్దరికీ మొదటి స్థానం అని ప్రకటించారు. గట్టు మీద వెంటనే అలజడి మొదలైంది: మళ్ళీ ఈదించండి, అరగంట ఆగి ఈదించండి, వాచీలు ఇంకోసారి చూడండి. ఫలితం తేలకుండా ఇంటికి పోవడం మనవాళ్ళకు గిట్టదు.

అప్పుడు కోచ్ మైకులో చెప్పిన సంగతి నిజంగా చెప్పుకోదగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో నాలుగు స్ట్రోకులూ ఒక్కరే ఈదే నాలుగు వందల మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లీలో స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెకీ ఇద్దరూ 4 నిమిషాల 31.98 సెకన్లలో ముగించారు. యంత్రం ఇంకో అంకె దాకా లెక్కపెట్టగలదు కాబట్టి లెక్కపెట్టారు. సెకనులో వెయ్యోవంతులు రెండు తక్కువని లార్సన్‌కు స్వర్ణం ఇచ్చారు. తరువాత ఆలోచించి ఆ పద్ధతి మానేశారు, నూరోవంతు దగ్గరే ఆగాలని నియమం పెట్టుకున్నారు. అందుకు కారణం దయ కాదు, కొలతే. ఆ స్థాయి ఈతగాడు సెకనులో వెయ్యోవంతు కాలంలో కదిలేది సుమారు రెండు మిల్లీమీటర్లు. యాభై మీటర్ల కొలను కట్టేటప్పుడు ఒక లేన్‌కూ మరో లేన్‌కూ పొడవులో అంతకు ఎన్నో రెట్లు తేడా ఉండవచ్చు, మూడు సెంటీమీటర్ల దాకా నిబంధనలే అనుమతిస్తాయి. అలాంటప్పుడు వెయ్యోవంతుతో తేల్చేది మేస్త్రీ పనితనాన్నే అవుతుంది, ఈతను కాదు. 2016లో రియోలో స్త్రీల వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరూ 52.70 సెకన్లకు వస్తే ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు. అదే ఒలింపిక్స్‌లో, రెండు చేతులూ ఒకేసారి నీళ్ళ పైనుంచి ముందుకు విసిరి ఈదే బటర్‌ఫ్లైలో, పురుషుల వంద మీటర్ల పోటీలో మైకేల్ ఫెల్ప్స్, చాడ్ లె క్లోస్, లాస్లో చేహ్ ముగ్గురూ 51.14 సెకన్లకు వచ్చారు. ముగ్గురూ రజతం పంచుకున్నారు, కాంస్యం ఎవరికీ ఇవ్వలేదు. ఒలింపిక్స్‌లో అంత ఖరీదైన యంత్రాలు పెట్టుకుని సమానమని ఒప్పుకుంటున్నప్పుడు, బొటనవేళ్ళతో వాచీలు నొక్కిన మేము ఇంకా ఏమి తేల్చగలమని కోచ్ అడిగారు. ఎవరూ మాట్లాడలేదు, కానీ ఒకాయన మాత్రం వెళ్ళేముందు టేపు తెచ్చి రెండు లేన్లూ కొలిస్తే పోతుంది కదా అని సణిగారు.

అసలు చిక్కు పతకాలతో వచ్చింది. ఒక్కో పోటీకి మొదటి పతకం ఒకటే చేయించారు. పిల్లలిద్దరూ బొమ్మా బొరుసా వేసుకున్నారు. పటమట పిల్ల గెలిచింది. గెలిచి, నీలం రిబ్బన్ బాగుందని రెండో పతకం ఎంచుకుంది. దీన్ని త్యాగంగా వర్ణించడానికి కొందరు ప్రయత్నించారు గానీ ఆ పిల్లకు నిజంగానే నీలం అంటే ఇష్టం.

వన్‌టౌన్ అబ్బాయి విషయం ఇంత తేలికగా పోలేదు. వాడు నాన్నతో కలిసి అమ్మమ్మగారి ఊరి కాలువలో ఈత నేర్చినవాడు. భుజాల్లో బలం ఉంది కాబట్టి కోచ్ వాడిని బటర్‌ఫ్లైకి తయారుచేశారు. మన ప్రాంతంలో బటర్‌ఫ్లై చెప్పేటప్పుడు ఏ కోచ్ అయినా షంషేర్ ఖాన్ పేరు ఎత్తకుండా ఉండరు. రేపల్లె దగ్గరి పల్లెలో పుట్టి, సైన్యంలో చేరి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లై ఈదిన మనిషి ఆయన. బటర్‌ఫ్లైని బ్రెస్ట్‌స్ట్రోక్ నుంచి వేరుచేసి ప్రత్యేక పోటీగా ఒలింపిక్స్‌లో పెట్టింది కూడా ఆ ఏడే మొదటిసారి. పల్లెటూరి నీళ్ళలో ఈదినవారికి అంతదూరం దారి ఉందని వన్‌టౌన్ అబ్బాయి గట్టిగా నమ్ముకున్నాడు. పోటీలో అందరికన్నా ముందే గోడకు వచ్చాడు కూడా. కానీ బటర్‌ఫ్లైలోనూ బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ మలుపు దగ్గరా ముగింపు దగ్గరా రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. మలుపు దగ్గర వాడి కుడిచెయ్యి ముందు తగిలింది. న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తారు. డిస్‌క్వాలిఫై అయ్యాడు.

వాడి నాన్నగారు కాళేశ్వరరావు మార్కెట్‌లో పండ్ల వ్యాపారి, ఉదారుడు, మామిడిపండ్ల బుట్ట తేకుండా ఎప్పుడూ కొలను దగ్గరికి రాడు. ఆ రోజు మాత్రం ఆయనకు కోపం ఆగలేదు. చేతుల సంగతి ఎవరు చూశారు, చిన్నపిల్లల పోటీకి ఇంత చాదస్తం దేనికి, గుంటూరువాళ్ళ కోసమే ఇలా చేశారు అంటూ బల్ల దగ్గరికి వెళ్ళాడు. పిల్లవాడు తువ్వాలు కప్పుకుని వెనకే వచ్చి, “నిజమే నాన్నా, ఒక చెయ్యి ముందు తగిలింది, నాకు తెలుసు. పద” అన్నాడు. గొంతులో ఏడుపు ఉంది, అబద్ధం లేదు. ఆ పోటీలో మొదటి స్థానం వచ్చిన గుంటూరు కుర్రవాడు ఆ తర్వాత వీడి దగ్గర కూర్చుని, తనకూ పోయిన ఏడాది ఇలాగే అయిందనీ, జెండాల దగ్గరి నుంచే చివరి బారను సరిచూసుకోవాలనీ చెప్పడం నేను విన్నాను.

పదేళ్ళ పిల్లలకు ఇంత కచ్చితంగా నియమం వర్తింపజేయాలా అని ఆ సాయంత్రం మాలో చాలా వాదన జరిగింది. వర్తింపజేయాలనే నా అభిప్రాయం. చూసీచూడనట్టు వదిలేస్తే ఆ పతకం వన్‌టౌన్ అబ్బాయికి వచ్చేది, తనకు తెలిసిన నిజంతో పాటు వచ్చేది. వాడు దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకుని ఏమి చూసుకుంటాడు? పైగా, రెండు చేతులూ తగిలించడం కోసం చివరి బార కుదించుకుని వేగం పోగొట్టుకున్న మిగతా పిల్లలకు ఆ దయ అన్యాయమే అవుతుంది. అయితే చెయ్యి ఎత్తిన మనిషి వెంటనే పిల్లవాడి దగ్గరికి వెళ్ళి తప్పు ఎక్కడో చూపించి చెప్పి ఉండవలసింది. మా దగ్గర అది కోచే చేశారు. చాలా పోటీల్లో ఆ పని ఎవరూ చేయరు.

రిలే గురించి చెప్పకుండా ఈతలో స్నేహం గురించి చెప్పలేము. మెడ్లీ రిలేలో నలుగురు నాలుగు స్ట్రోకులు ఈదుతారు: ముందు బ్యాక్‌స్ట్రోక్, తరువాత బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, చివర ఫ్రీస్టైల్. బ్యాక్‌స్ట్రోక్ నీళ్ళలో నుంచే మొదలుపెట్టాలి, మిగతా మూడూ పైనుంచి దూకి మొదలుపెట్టవచ్చు. అందుకని అది మొదట రావడమే వీలు. వచ్చేవారి చెయ్యి గోడకు తగలకముందే తరువాతివారి పాదం దిమ్మె నుంచి లేస్తే నలుగురి శ్రమా పోతుంది. మా మొదటి జట్టులో, అంటే ‘ఏ’ టీమ్‌లో, పటమట పిల్లకు బ్రెస్ట్‌స్ట్రోక్, వన్‌టౌన్ అబ్బాయికి బటర్‌ఫ్లై, మా అమ్మాయికి ఫ్రీస్టైల్ అని ముందే తేలింది. బ్యాక్‌స్ట్రోక్‌కు గుణదల అన్నదమ్ములలో పెద్దవాడు. తమ్ముడు నెమ్మది, వాడిని బీ టీమ్‌లో వేశారు. వాడు ఇంట్లో ఏడ్చాడని అన్న తన చోటు వాడికి ఇచ్చేస్తానని కోచ్ దగ్గరికి వచ్చాడు. మాకందరికీ ముచ్చట వేసింది. కోచ్ మాత్రం కరగలేదు. “వాడు నిన్ను అడిగాడా?” అన్నారు. అడగలేదు. తమ్ముణ్ణి పిలిచి అడిగితే, “నాకు ఊరికే వద్దు సార్, బీ టీమ్‌లోనే ఈదుతాను” అన్నాడు, అన్న వంక కోపంగా చూస్తూ.

ఇలాంటి సందర్భంలో అందరూ ఫెల్ప్స్ కథ చెబుతారు. 2004 ఏథెన్స్‌లో వంద మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్ 51.25 సెకన్లలో గెలిచాడు, అతని అమెరికా సహచరుడే అయిన ఇయాన్ క్రాకర్ 51.29తో రెండోవాడయ్యాడు. గెలిచినవారికే మెడ్లీ రిలే ఫైనల్‌లో బటర్‌ఫ్లై ఈదే అవకాశం దక్కాలి. ఫెల్ప్స్ దాన్ని క్రాకర్‌కు వదిలేశాడు, అమెరికా ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఈ కథను పతక త్యాగంగా చెప్పేవారు ఒక సంగతి మరిచిపోతారు: ప్రాథమిక పోటీలో ఈదినవారికి కూడా పతకం వస్తుంది కాబట్టి ఫెల్ప్స్‌కు స్వర్ణం పోలేదు. అతను వదులుకున్నది ఫైనల్ ఈదే ఆనందాన్ని. అంతకన్నా ముఖ్యం, క్రాకర్ అప్పటికి ఆ పోటీలో ప్రపంచ రికార్డు ఉన్నవాడు, నాలుగు నూరోవంతుల తేడాతో వెనకబడినవాడు. సమానుడికి ఇచ్చిన అవకాశం గౌరవం అవుతుంది. సమానుడు కానివాడికి, వాడు అడగకుండా ఇస్తే అది జాలి అవుతుంది, పిల్లలు ఆ తేడాను పెద్దలకన్నా ముందే పసిగడతారు. గుణదల చిన్నవాడు బీ టీమ్‌లో ఈదాడు, వాళ్ళ టీమ్ ఆఖరున వచ్చింది, తన పేజీలో అప్పటిదాకా లేని అంకె రాయించుకుని వెళ్ళాడు. మా ‘ఏ’ టీమ్ గుంటూరు చేతిలో ఓడిపోయింది. ఆ ఓటమి గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, వాళ్ళు మనకన్నా బాగా ఈదారు.

ఈ టీములలో ఒక సంగతి నన్ను కలవరపెడుతుంది. తొమ్మిది, పదేళ్ళ వయసులో ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానంగా ఉంటారు. పదమూడు దాటేసరికి ఆడపిల్లలు ఒకరొకరుగా మానేస్తారు. క్లోరిన్‌కు జుట్టు పాడవుతుందంటారు, క్యాప్ కింద కొబ్బరినూనె పట్టించుకుంటే సరిపోతుంది. సూటు బాగోదంటారు, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉండేవి దుకాణాల్లో దొరుకుతాయి. పటమట పిల్ల వాళ్ళ మామ్మగారి అభ్యంతరం వేరు. “ఎండకు పిల్ల నల్లబడిపోతోందమ్మా, రేపు సంబంధాలు చూసేటప్పుడు మేం ఏమని చెప్పుకోవాలి?” అని ఆవిడ నాతో అన్నారు. నేను మర్యాదగా ఏదో చెప్పబోతుంటే మా అమ్మాయి అందుకుని, “మామ్మగారూ, ఆరింటికి ఎండ ఎక్కడుంటుందండీ?” అన్నది. ఆవిడ కాసేపు ఆలోచించి, ఏడున్నరకల్లా ఇంటికి పంపించేయాలని షరతు పెట్టారు. అక్కడితో రంగు చర్చ ముగిసింది. ఆ వారం నుంచే పటమట పిల్ల పొడుగు సూటు వేసుకోవడం మొదలుపెట్టింది. గుంపులో తానొక్కతే అలా కనిపించడం దానికి ఇష్టం లేదని మా అమ్మాయి కూడా అలాంటిదే కొనిపించుకుంది. నీళ్ళలో అది కొంచెం బరువు, వేగం తగ్గుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ సమానంగానే తగ్గుతుందని లెక్క చెప్పారు.

ఈ జూన్‌లో పటమట పిల్ల పదో తరగతిలోకి వెళుతుంది. బడిలో ఉదయం ఆరింటికే స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, సాయంత్రం ట్యూషన్. మా కొలనులో పదో తరగతి తర్వాత తిరిగి వచ్చిన ఆడపిల్ల నేను చూసినంతలో లేదు. అందుకని మేం నలుగురైదుగురు తల్లిదండ్రులం కలిసి, ఏడాది పొడవునా ఆదివారం ఉదయం ఒక గంట పెద్ద పిల్లలకు ఒక లేన్ కేటాయించమని కోచ్‌ను అడిగాము. నీళ్ళ ఖర్చు, లైఫ్‌గార్డు జీతం లెక్కవేసి చెబుతానన్నారు. ఆ ఖర్చులో మా వాటా ఎంతైనా ఇస్తామని వన్‌టౌన్ అబ్బాయి నాన్నగారు అందరి తరఫునా అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. లేన్ దొరికితే పటమట నుంచి ఆ పిల్లను స్కూటరు మీద తీసుకురావడమూ, ఏడున్నరలోగా దింపిరావడమూ నా వంతు అని మామ్మగారితో ఒప్పందం అయింది.